పదిమందికి పంచండి

మా పెదనాన్న పోయాడు. మంగళవారం పొద్దున పక్కింటి ఫోనుకు కబురొచ్చింది. కాఫీ తాగి గ్లాసు కింద పెడుతూ అలాగే ఒరిగిపోయాడట. అదృష్టవంతుడు, సునాయాసంగా పోయాడని అందరూ నన్ను ఓదార్చారు. కాదనను. కానీ చివరి ఏడేళ్ళు ఆయన ఎలా బతికాడో చెప్పకుండా ఆయన్ను తలుచుకోవడం నాకు చేతకాదు.

మా పెద్దమ్మ మొగుడు ఆయన. నన్ను ఇంట్లో పెట్టుకుని చదివించాడు. మద్రాసు వాషర్‌మెన్‌పేట్‌లో చిన్న అచ్చాఫీసు ఉండేది. కాలితో తొక్కే మిషను ఒకటి, సీసం అక్షరాల పెట్టెలు. అరవం, తెలుగు రెండూ వేసేవాడు. పెళ్ళిపత్రికల కన్నా దేవుడి మహిమ నోటీసులే ఎక్కువ. మొక్కుకున్నవాళ్ళు వెయ్యేసి వేయించి పంచేవారు. ప్రతిదాని అడుగునా ఒకే మాట: ‘చదివినవారు పదిమందికి పంచండి. పారేసినవారికి కీడు.’ వారంవారం కావాలి కనక పెదనాన్న ఆ అక్షరాల వరసను విప్పేవాడు కాదు. దారం కట్టి బల్ల మీదే ఉంచేవాడు.

“భయం లేని కాగితం పొట్లానికి పోతాది పాపా. భయముండేది జేబులోకి పోతాది” అని నవ్వేవాడు. ఆ తెలివే కొంప ముంచింది.

కాగితం అడుగున ఖాళీ కనిపిస్తే ఆయనకు ఒప్పేది కాదు. “మొలకు గుడ్డ లేనట్టుండాది” అని పువ్వో గీతో ఏదో ఒకటి ఇరికించేవాడు.

ఒకరోజు వీధి సంఘంవాళ్ళు నోటీసు వేయించడానికి వచ్చారు. వ్యాసర్పాడి వైపు పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు తిరుగుతున్నారట, భుజాన మూట, చేతిలో బిస్కెట్లు, జాగ్రత్త. చూసినవాళ్ళెవరూ లేరు, విన్నవాళ్ళే అందరూ. పెదనాన్న అరవంలో కంపోజ్ చేశాడు. అడుగున నాలుగువేళ్ళ ఖాళీ మిగిలింది. చేతికందిన ఆ దారం వరసే తీసి పెట్టేశాడు. ఆలోచించలేదు, మహానుభావుడు! నేను మాత్రం తక్కువ తిన్నానా? పది కాగితాలు పట్టుకెళ్ళి రైల్లో ఆడవాళ్ళ పెట్టెలో పంచాను.

నాలుగో రోజు మా వీధికి పాత చీరలకు స్టీలు గిన్నెలిచ్చే ఆమె వచ్చింది. నెల్లూరు వైపు మనిషి, అరవం ఒక్క ముక్క రాదు. గడప మీద ఏడుస్తున్న పసిదానికి బిస్కెట్ ఇచ్చింది.

“పుళ్ళ పుడిక్కిరవ!” పిల్లల దొంగ అని ఒక్క కేక. అంతే. మూట లాగేశారు. జుట్టు పట్టి ఈడ్చారు. ఆమె గిన్నెలతోనే ఆమె నెత్తి పగలగొట్టారు. రోజూ కుళాయి దగ్గర నాతో నవ్వుతూ మాట్లాడే ఎదురింటావిడ చీపురు తిరగేసి ఆమె కళ్ళలో పొడిచింది. “నేను దొంగను కాదు తల్లా, నాకూ బిడ్డలుండారు” అని ఆమె ఏడుస్తోంది. ఆ గుంపులో ఎవరికీ తెలుగు రాదు. నాకు వచ్చు. ప్రతి మాటా అర్థమైంది. అయినా అచ్చాఫీసు మెట్టు మీద గుడ్లప్పగించి నిలబడ్డాను. నిజంగానే దొంగేమోనన్న అనుమానం నన్ను కదలనివ్వలేదు. ఛీ, నా బతుకు!

పెదనాన్న పరుగెత్తాడు. “విడుంగడా, వదలండిరా! నోటీసు నేనే వేసినాను, కొట్టేదైతే నన్ను కొట్టండి!” అని అరవంలో అరుస్తూ ఆమె మీద బోర్లాపడ్డాడు. ఇనప కడ్డీ ఆయన కుడిచేతి మీద పడింది. మూడు వేళ్ళు నుజ్జయిపోయాయి. ఆమె మూడో రోజు ఆసుపత్రిలో చచ్చిపోయింది. వ్యాసర్పాడిలో గానీ మా వీధిలో గానీ ఒక్క పిల్లా తప్పిపోలేదు.

కట్టు విప్పకముందే ఆయన ఎడమచేత్తో ఇంకో నోటీసు కంపోజ్ చేశాడు. ‘ఆమె దొంగ కాదు. గిన్నెలు అమ్ముకునే మనిషి. మనమే చంపాం.’ అడుగున మళ్ళీ అదే దారం వరస. వెయ్యి కాగితాలు పంచాం. మర్నాడు సుండల్ బండివాడు వాటిలోనే గుగ్గిళ్ళు పొట్లం కట్టి ఇచ్చాడు.

“మనమే పాపం చేసినామంటే ఎవురు మోస్తారు పాపా?” అన్నాడు పెదనాన్న. ఆ దారం కోసి, అక్షరాలను పెట్టెలో కలిపేశాడు.

ఆ తర్వాత మిషను మూసి ఇంటింటికీ నడవడం మొదలుపెట్టాడు. సాయంత్రానికో నాలుగిళ్ళు. “ఆయమ్మ దొంగ కాదు. ఆ నోటీసు వేసింది నేనే” అని చెప్పి వచ్చేవాడు. కొందరు కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు, కొందరు మొహం మీదే తలుపేశారు. ఊరి పేరు మద్రాసు పోయి చెన్నై అయింది గానీ ఆయన నడక ఆగలేదు. “విన్నోళ్ళలో ఒక్కరు ఇంకొకరికి చెప్తే చాలు” అనేవాడు. ఇంకేమీ ఆశపడలేదు.

నేను ఏ కబురు మోసుకెళ్ళినా, “చూసినావా, విన్నావా?” అని అడిగేవాడు. మొదట్లో ఒళ్ళు మండేది. ఇప్పుడు ఆ ప్రశ్న నా నోటికీ వచ్చేసింది. ఆయన నాకిచ్చిన ఆస్తి అదే, చాలా పెద్దది.

బుధవారం పాడె కడుతుంటే ఎదురింటావిడ మనవరాలి చెయ్యి పట్టుకుని వచ్చింది. దండ వేసి, చచ్చుబడిన ఆ మూడు వేళ్ళూ తడిమి, అరవంలో భోరుమంది: “ఎంత ధైర్యం ఈ మహారాజుకు! ఆ పిల్లల దొంగను పట్టుకోబోయే కదా ఈ వేళ్ళు పోగొట్టుకున్నాడు!” చుట్టూ ఉన్నవాళ్ళు అవునవునని తలూపారు.

“ఆమె దొంగ కాదు! మీ ఇంటికొచ్చి ఎన్నిసార్లు చెప్పాడాయన!” అని అరిచాను. ఎవరో నన్ను పట్టుకుని కూర్చోబెట్టి నీళ్ళు తాగించారు. పాపం, దుఃఖంలో ఏదో మాట్లాడుతోంది అన్నారు.

శవాన్ని లేపారు. ఎదురింటావిడ అరుగు మీద చతికిలబడింది. ఏ దొంగ పాటీ అని మనవరాలు అవ్వను అడిగింది. ఆవిడ పిల్లను ఒళ్ళోకి లాక్కుని, కొంగు కప్పి, చెవి దగ్గర నోరు పెట్టింది. పక్కిళ్ళ పిల్లలిద్దరు వినడానికి దగ్గరకు జరిగారు.