ఫ్రిజ్ మీద తమిళ పాటలు

ఆ సినిమా పాటలంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మంట. పెళ్ళిలోనో బస్సులోనో ఎవరైనా వేస్తే లేచి అవతలికి పోతాను. పాటలు బాగుండవని కాదు. బాగుంటాయి, అదే నా కోపం. ఒమన్‌లోని బురైమిలో నేను పనిచేసిన ఇంట్లో వంటింటి ఫ్రిజ్ మీద ఒక సీడీ ప్లేయరు ఉండేది. పొద్దున్న టీ నీళ్ళు పొయ్యి మీద పెట్టినప్పటి నుంచి సాయంత్రం గిన్నెలు బోర్లించేదాకా దాంట్లో అవే పాటలు తిరుగుతుండేవి. అయిపోగానే మళ్ళీ మొదటి నుంచి.

ఆ ప్లేయరు వంటావిడది. ఆవిడది తమిళనాడులో మన చిత్తూరు సరిహద్దుకి దగ్గర ఊరు. తెలుగు వచ్చు. వచ్చినా నాతో అవసరమైతేనే మాట్లాడేది. నాకంటే చాలా ముందు నుంచీ ఆ ఇంట్లో ఉంది కాబట్టి ఆ ఇల్లు తనదే అన్నట్టు తిరిగేది.

నేను గోదావరి జిల్లా నుంచి ఒమన్ వెళ్ళి మొదట బహ్లాలో ఒక ఇంట్లో చేశాను. ఆ ఇంటి గురించి ఎక్కువ రాయను. అక్కడ నుంచి నన్ను ఆఫీసుకి తిప్పి పంపారు. ఆఫీసు అంటే మమ్మల్ని తెప్పించి ఇళ్ళకి పంపే ఏజెన్సీ. ఒక గదిలో చాపలు పరిచి ఆడవాళ్ళని కూర్చోబెడతారు. ఎవరో వస్తారు, గుమ్మంలో నిలబడి మనల్ని పైనుంచి కింద దాకా చూస్తారు, ఒకరిని ఎంచుకుని పోతారు. వాళ్ళెలాంటివాళ్ళో, మన గది తలుపుకి లోపల గడియ ఉంటుందో ఉండదో ఆ ఇంటికి వెళ్ళేదాకా తెలీదు. ఆ గదిలోంచి నన్ను బురైమి మేడం తీసుకొచ్చింది. ఆవిడ స్కూల్లో టీచరు. కడుపునిండా తిండి పెట్టేది, శుక్రవారం ఇంటికి ఫోను చేసుకోనిచ్చేది, నా గదికి గడియ ఉండేది. చచ్చినా మళ్ళీ ఆఫీసు గదిలో కూర్చోకూడదని మొదటి వారంలోనే ఒట్టు పెట్టుకున్నాను.

నన్ను తెచ్చింది పిల్ల కోసం. రెండేళ్ళు దాటిన ఆడపిల్ల. నేను వెళ్ళేసరికే అది వంటావిడ చంకెక్కి కూర్చుంది. ఆవిడ ఒక చేత్తో పిల్లని ఎత్తుకుని, ఇంకో చేత్తో గరిటె తిప్పుతూ, ప్లేయరుతో పాటు పాడేది. అక్కడ మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇల్లిల్లూ పడుకుంటుంది. మేడం స్కూలు నుంచి వచ్చి అలసిపోయి ఉంటుంది కాబట్టి ఆ వేళ పిల్లని పడుకోబెట్టడం నా డ్యూటీ. పిల్లేమో మంచం మీద నుంచి జారి, గునగునా వంటింట్లోకి పోయి, ఫ్రిజ్ వైపు వేలు చూపించేది. దానికి మూడో పాట కావాలి. అది వేణువుతో మొదలవుతుంది. ఒక ఆడగొంతు కాసేపు మాటల్లేకుండా కూనిరాగం తీసి, తర్వాత మెల్లగా మాటల్లోకి దిగుతుంది. రెండో చరణం వచ్చేసరికి పిల్లకి కళ్ళు మూతలు పడేవి.

"తీసుకుపో మా, పడుకునేసింది" అని వంటావిడ పిల్లని నా భుజం మీదకి జార్చేది. నా పని నాకే దానం చేస్తున్నట్టు. నాకు అరికాలి మంట నెత్తికెక్కేది.

ఒకరోజు ఉండబట్టలేక అనేశాను. "ఇది మా పాట. మీవాళ్ళు ఎత్తుకుపోయి తమిళంలో పాడుకుంటున్నారు."

ఊరికే అనలేదు. ఆ సినిమా నేను మా ఊరి హాల్లో తెలుగులోనే చూశాను. హీరో తెలుగులోనే ఏడ్చాడు, విలన్ తెలుగులోనే తిట్టాడు. బస్సుల మీదా కొట్ల మీదా తమిళ అక్షరాలు కనిపించిన మాట నిజమే. కథ సరిహద్దు ఊళ్ళో జరుగుతోంది కాబోలు అనుకున్నాను. మా ఇంట్లో అందరం అలాగే అనుకున్నాం. అలాంటి ఊరికి పిల్లనిస్తే అత్తారింట్లో భాషకి ఎంత అవస్థ పడాలో అని మా తోటికోడలు హీరోయిన్ మీద జాలిపడింది కూడా.

వంటావిడ గరిటె పక్కన పెట్టి మరీ నవ్వింది. "పెదాలు చూడలేదా మా నువ్వు? మాటొక పక్క, నోరొక పక్క పోతా ఉంటుంది. అది మా సినిమా. మీవోళ్ళు తెలుగు తొడిగినారు."

"నువ్వు చూశావా తొడుగుతుంటే?"

ఆ వారమే ఏదో ఇండియా చానల్లో ఆ సినిమా తమిళంలో వచ్చింది. ఆవిడ నా కోసం వెతుక్కుంటూ వచ్చి, చెయ్యి పట్టుకుని టీవీ ముందు కూర్చోబెట్టింది. పెదాలకీ మాటలకీ అతికినట్టు సరిపోయింది. నేను ఆ పెదాల్ని కూడా తిట్టుకున్నాను. "సరే, సినిమా మీదే అనుకో. మాటలు మాత్రం మావే బాగుంటాయి" అని లేచి వచ్చేశాను.

కొన్నాళ్ళకి బాబాకి, అంటే మేడం భర్తకి, ఉద్యోగం మస్కట్‌కి మారింది. మేడం మా ఇద్దర్నీ హాల్లో నిలబెట్టి, హిందీ అరబ్బీ కలిపి చెప్పింది. అక్కడ ఫ్లాటు చిన్నదట, ఒక్కరినే తీసుకెళ్తుందట. రెండోవాళ్ళు ఆఫీసుకి తిరిగి వెళ్ళాలి. ఎవరినన్నది ఇంకా అనుకోలేదట.

ఆ రోజు నుంచి మా ఇద్దరికీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. నా తాడు మీద ఆవిడ తన దుప్పట్లు ఆరేసేది. కూరలో ఉప్పెక్కువైందని నేను మేడం చెవిన పడేలా అనేదాన్ని. నాకూ వంట వచ్చు, ఆవిడకీ పిల్లని చూసుకోవడం వచ్చు. ఇక తేల్చేది పిల్లే అనుకున్నాను. అది ఎవరి దగ్గర పడుకుంటే వాళ్ళు మస్కట్, రెండోవాళ్ళు ఆఫీసు. ఇందులో ఆలోచించడానికి ఏముంది?

మా మరిది కూడా ఒమన్‌లోనే, సొహార్‌లో ఒక కంపెనీలో పనిచేసేవాడు. అదే సినిమా పాటలు తెలుగువి కావాలని ఫోన్ చేశాను.

"పాటల కోసం ఇంత తొందరేంటి వదినా? పెళ్ళేమైనా ఉందా?" అన్నాడు.

"నా బతుకు ఉంది. పంపించు ముందు."

సెలవు నుంచి తిరిగొచ్చే వాళ్ళెవరి చేతో తెప్పించి, వాళ్ళ కంపెనీ లారీ బురైమి వచ్చినప్పుడు పంపాడు. నేను ఒక సెలవు రోజు దాకా ఆగాను. మేడం హాల్లో సోఫా మీద కూర్చుని పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుకుంటోంది. ఆవిడ చూస్తుండగానే హాల్లో ఉన్న పెద్ద ప్లేయర్లో మూడో పాట పెట్టాను.

వేణువు మొదలైంది. బొమ్మలతో ఆడుకుంటున్న పిల్ల తలెత్తింది. లేచి వచ్చి నా ఒళ్ళో కూర్చుంది. తనంతట తాను నా ఒళ్ళోకి రావడం అదే మొదటిసారి. కూనిరాగం నడుస్తున్నంతసేపూ తల నా రొమ్ముకి ఆనించి ఊరుకుంది. నాకు ఏనుగెక్కినంత సంబరం. వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది. ఆవిడా వింటోందని నాకు తెలుసు, వినాలనే గొంతెత్తి నేనూ అందుకున్నాను.

తెలుగు మాటలు మొదలయ్యాయి. నిజం చెప్పాలంటే అవి నాకే ఇరుకు చొక్కా తొడిగినట్టు వినిపించాయి. రోజూ ఆ తమిళం వినీ వినీ నా చెవులు పాడయ్యాయి. దానికీ వంటావిడనే తిట్టుకున్నాను.

పిల్ల ఒళ్ళు బిగుసుకుంది. "లా" అంది. వద్దు అని. నేను ఆపలేదు. "లా, లా" అంటూ చెయ్యెత్తి నా నోటికి అడ్డం పెట్టింది. తర్వాత వంటింటి వైపు తిరిగి తనే పాడింది. ఆ వచ్చీరాని నోటితో తమిళ మాటలు ఒక్కటి పొల్లుపోకుండా. పాడుతూనే నా ఒళ్ళోంచి దిగి, "అమ్మా" అని పిలుచుకుంటూ వంటావిడ దగ్గరికి పరిగెత్తింది.

మేడం పెన్ను కింద పెట్టింది. ఆవిడ మొహం చూసి నా పని అయిపోయిందనుకున్నాను. ఆ మధ్యాహ్నం పిల్లని నాకివ్వకుండా తన గదిలోకి తనే తీసుకెళ్ళి తలుపేసుకుంది. లోపల ఏదో పాడింది. పిల్ల లా అని ఏడ్చింది. ఇంకేదో పాడింది. పిల్ల అమ్మా అని ఇంకా గట్టిగా ఏడ్చింది. చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. మేడం ఎవరి మొహమూ చూడకుండా పిల్లని వంటావిడ చేతికిచ్చి, మళ్ళీ తలుపేసుకుంది. వంటావిడ నన్ను చూసిన చూపు ఉందే, ఇన్నేళ్ళయినా దాన్ని క్షమించలేదు. నేను నా గదిలోకి పోయి బట్టలు సర్దుకోవడం మొదలుపెట్టాను. ఏడుపు కూడా రాలేదు, భయానికి.

నాలుగు రోజుల తర్వాత ఆఫీసు నుంచి కారు వచ్చింది. మేడం పిలిచింది వంటావిడని.

ఆవిడ ముందు నమ్మలేదు. పిల్ల ఎలా ఉంటుందని అడిగింది. మేడం కారు వైపు చెయ్యి చూపించింది. ఆవిడ బ్యాగు సర్దుకుని వచ్చి, ఫ్రిజ్ మీది ప్లేయరు తీసి నా చేతిలో పెట్టబోయింది. "ఉంచుకో మా. మధ్యాహ్నం ఏడుస్తుంది. మూడోది వెయ్యి."

"దాన్నీ తీసుకెళ్ళు" అంది మేడం.

పిల్లని అప్పటికే పై గదిలో పెట్టారు. ఏడుపు కింద దాకా వినిపిస్తోంది. ప్లేయరు చంకలో పెట్టుకుని వంటావిడ కారెక్కింది. నేను గుమ్మం దాకా కూడా వెళ్ళలేదు. సంతోషించాను. గొంతు దాకా సంతోషం. ఆవిడ మీద జాలి నాకు ఆ రోజు రాలేదు, వచ్చిందని ఇప్పుడు రాస్తే అబద్ధం.

సామాన్లు కట్టేటప్పుడు ఇక ఉండబట్టలేక మేడాన్ని అడిగాను. పిల్లకి ఆవిడంటేనే ఇష్టం కదా, నన్నెందుకు ఉంచుకున్నారు అని.

మేడం పిల్ల గౌన్లు మడత పెడుతోంది. తలెత్తకుండానే చెప్పింది. "అందుకే. నీ దగ్గర ఉంటే నేను ఎప్పుడొస్తానా అని చూస్తుంది."

అప్పుడర్థమైంది, నేను గెలిచింది దేనికో. మొహాన ఉమ్మినట్టయింది. అయినా తల ఊపి, ఆ గౌన్లు అందుకుని పెట్టెలో సర్దాను.

మస్కట్‌లో నాకు ఏ లోటూ లేదు. పిల్లకి వేళకి తిండి పెట్టాను, స్నానం చేయించాను, జడలు వేశాను. పాట మాత్రం పాడలేదు. మేడం అక్కడి కొత్త స్కూలు నుంచి వచ్చే వేళకి అది గుమ్మం దగ్గర నిలబడి తల్లి కోసం ఏడుస్తుండేది. నేను ఎత్తుకునేదాన్ని కాదు. అది ఏడవడం మానేస్తే నన్ను ఆఫీసుకి పంపించేస్తారు.