అత్త చేతిలో ఆఖరి కాల్

మా మేనత్త టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. బోర్డు ముందు కూర్చుని, అడిగిన నంబరుకి తీగ గుచ్చి ఊరందరినీ కలిపేది. ఎవరి మాటలూ విననని ఒట్టేసి చెప్పేది. మేం నమ్మినట్టే తలూపేవాళ్లం.

ఎవరి నంబరు వాళ్లే తిప్పుకునే కొత్త యంత్రం వచ్చింది. ఇక మధ్యలో మనిషితో పనిలేదు. ఆ ప్రారంభానికి పెద్ద ఇంజినీరుగారు మెడలో దండతో వచ్చారు. ఆయన చెయ్యెత్తగానే ఆపరేటర్లందరూ తీగలు పీకేయాలి. అందరూ పీకేశారు. అత్త మాత్రం తన తీగ మీద చెయ్యేసి అలాగే కూర్చుంది.

"ఏమ్మా, పీకవేం?"

"కాల్ నడుస్తోంది సార్. పీకితే తెగిపోతుంది."

"అంత అర్జెంటా?"

"నన్ను పెళ్లి చేసుకుంటావా అని అబ్బాయి అడిగేశాడు సార్. అమ్మాయి ఇంకా ఏమీ అనలేదు."

అన్నాక గానీ నోరు జారానని అత్తకి తెలియలేదు. చాటుగా వింటే ఉద్యోగం ఊడుతుంది. అయినా తను కలిపిన ఆఖరి కాల్‌ని సగంలో తెంపడానికి మాత్రం చెయ్యి రాలేదు.

 ఇంజినీరుగారు దండ సర్దుకుని, కుర్చీ లాక్కుని కూర్చున్నారు. గదిలో అందరూ అత్త బోర్డు చుట్టూ చేరారు.

చివరికి అత్త కళ్లు తుడుచుకుని తీగ పీకేసింది.

ఇంజినీరుగారు ఉండబట్టలేక ముందుకి వంగారు. "ఏమందమ్మా?"

అత్త నిటారుగా కూర్చుని, "మేం కాల్స్ వినం సార్," అంది.