చెట్టుకు కాసిన పూతరేకులు

ఒక ఊళ్ళో ఉన్న ఆడవాళ్ళందరి పనీ ఒక్క మధ్యాహ్నంలో ఊడబెరికిన ఘనుణ్ణి నేను. ఆ దెబ్బకి నా చదువే ఊడిపోబోయింది. ఎలాగో చెబుతాను, నవ్వుకోండి. మా అమ్మ ఇప్పటికీ నవ్వుతూనే ఉంది.

తొంభైల చివర్లో ఎమ్మే ఆఖరి ఏడాది. ప్రాజెక్టు ఒకటి రాయాలి. దాని పేరు వింటే నాకే భయం వేసేది: ‘గ్రామీణ స్త్రీల శ్రమ, వ్యాపారం, సామాజిక మార్పు’. సోమవారానికల్లా గైడు గారు దాని మీద సంతకం పెట్టకపోతే ఏడాది పోయినట్టే.

ధవళేశ్వరం బ్యారేజీ దాటి ఆత్రేయపురం వైపు పూతరేకులు చేసే ఊరొకటి పట్టుకున్నాను. ఇస్త్రీ చొక్కా, భుజాన సంచి, సంచిలో అరవై ప్రశ్నల ఫారాలు. మొదటి ఇల్లు మంగాయమ్మ గారిది. బోర్లించిన కుండ, కింద కొబ్బరాకుల మంట. పల్చటి బియ్యప్పిండిలో గుడ్డ ముంచి కుండ మీద లాగడం, కాగితంలాంటి రేకు ఊడదీయడం. ఆవిడ చెయ్యి ఆగితే ఒట్టు.

“మీరేం పని చేస్తారండి?”

“పనేముందండి బాబూ! మా ఆయనకి పొలం ఉంది. నేను ఊరికే ఇంట్లో ఉంటానండి,” అంటూ రేకు తీశారు.

“అయితే ఏ పనీ లేదని రాసుకోనా అండి?”

“రాసుకోండి. ఉంటే చెప్పనేంటి?” ఇంకో రేకు.

రాసుకున్నాను. నీకు కళ్ళు లేవా అని మీరడగొచ్చు. ఉన్నాయండి, ఫారం మీద ఉన్నాయి! పక్కింటావిడ పొగకి కళ్ళు తుడుచుకుంటూ “మాకసలు పొద్దే పోదండి” అంటే అదీ రాసుకున్నాను. అరవై ఫారాల్లోనూ ఒకటే జవాబు. బయల్దేరేటప్పుడు మంగాయమ్మ గారు, గైడు గారికివ్వమని ఒక పెట్టె నిండా పూతరేకులు నా చేతిలో పెట్టారు.

గురువారం గైడు గారు ఒక చేత్తో పూతరేకు తింటూ రెండో చేత్తో ఫారాలు తిప్పారు. నాలుగో ఫారం దగ్గర నమలడం ఆపేశారు.

“ఏవయ్యా, ఈ ఊళ్ళో ఆడవాళ్ళెవరికీ పనే లేదా?”

“లేదండి! స్వయంగా వాళ్ళే చెప్పారండి.”

“మరి నేను తింటున్నదెవరు చేశారు? చెట్టుకు కాసిందా?”

నేను తెచ్చిన పెట్టే నా మీద సాక్ష్యం చెబుతోంది.

“సోమవారంలోగా సరిగ్గా రాసి పట్రా. లేకపోతే మళ్ళీ ఏడాది కలుద్దాం.”

శుక్రవారం మళ్ళీ అదే గుమ్మం ముందు నిలబడ్డాను.

“మళ్ళీ వచ్చారేంటండి?” అన్నారు మంగాయమ్మ గారు.

“మీరు చేసేది పనేనని మా గైడు గారు అంటున్నారండి.”

వీధి వీధంతా నవ్వింది. “ఇదీ ఒక పనేనా! ఏదీ, మీరో రేకు తియ్యండి చూద్దాం.”

తీశాను. రేకు రాలేదు గానీ నా వేళ్ళ తోలు వచ్చినంత పనయింది. నా అరుపుకి పక్క వీధివాళ్ళు పరుగెత్తుకొచ్చారు. మంగాయమ్మ గారు నా చేతి మీద చెంబుడు నీళ్ళు పోసి, తన వేళ్ళకేసి చూసుకున్నారు.

“పెళ్ళైన కొత్తలో నా వేళ్ళూ ఇలాగే కాలిపోయేవండి. ఇప్పుడు తెలీడం లేదు.” మళ్ళీ గుడ్డ పిండిలో ముంచుతూ అన్నారు, “అయితే రాసుకోండి బాబూ. తెల్లారగట్ట పిండి రుబ్బడంతో మొదలు...”

నాకు సిగ్గేసింది. కాలిన చేత్తోనే అరవై ఇళ్ళూ తిరిగి, కోడిగీతలు గీకి తెచ్చాను. ఆ రాత నాకే అర్థం కాలేదు. శని, ఆదివారాల్లో మా అమ్మ పొయ్యికీ బల్లకీ మధ్య తిరుగుతూ, నేను చెబుతుంటే మొత్తం ముత్యాల్లాంటి అక్షరాలతో ఎత్తి రాసింది. ఆఖరి పేజీ నా వివరాలు.

“తండ్రి వృత్తి?” అంది అమ్మ.

“బడిపంతులు.”

“తల్లి వృత్తి?”

“అక్కడ గీత పెట్టెయ్యమ్మా.”

పెట్టేసింది, స్కేలుతో మరీ.

సోమవారం గైడు గారు అన్నీ చదివి, కలం ఎత్తి, ఆఖరి పేజీ దగ్గర ఆగారు.

“రాత బాగుందయ్యా. ఎవరిది?”

“మా అమ్మదండి.”

“ఇదంతా రెండ్రోజుల్లో రాశారా! ఆవిడేం చేస్తారు?”

ఇంత జరిగాక కూడా, ఈ పాడు నోరు ఏమందో తెలుసా?

“ఏం చెయ్యదండి. ఊరికే ఇంట్లో...”

గైడు గారు తిట్టలేదు. కలం నా వైపు తిప్పారు. “ఆ గీత కొట్టేసి రాయి. అప్పుడు సంతకం.”

కట్టు కట్టిన చేత్తో రాయడం మొదలుపెట్టాను. గడి చాలలేదు. పేజీ తిప్పి వెనక కూడా రాశాను.

కనుక ఇందుమూలంగా సమస్త పాఠకుల ఎదుట ప్రమాణం చేస్తున్నాను: ఏ ఆడమనిషి గురించీ ‘ఊరికే ఇంట్లో ఉంటుంది’ అనే మాట ఈ జన్మలో నా నోట రాదు. వచ్చిందా, మంగాయమ్మ గారి కుండ మీద నా రెండో చెయ్యి కూడా పెట్టేస్తాను.