నేనెక్కని శిఖరం మీది మంచు

ఏళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. సరదాకి ఆడిన అబద్ధం. దాని బరువులో మాత్రం సరదా లేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు రాస్తున్నాను.

న్యూజిలాండ్‌లో, మా ఊరు లోవర్ హట్‌లో మా తెలుగువాళ్ళు కలిస్తే బార్బెక్యూ దగ్గర కబుర్లన్నీ నావే. నన్ను మించిన కోతలరాయుడు లేడు. గ్రీన్‌లాండ్‌లో, ఆర్కిటిక్ వలయం దాటాక ఉన్న ఒక మహా శిఖరం ఎక్కానని చెప్పేవాణ్ణి. నిజానికి దాన్ని చూసింది విమానం కిటికీలోంచి, చేతిలో టొమాటో జ్యూస్‌తో. చెప్పిన ప్రతిసారీ కొంచెం మసాలా దట్టించేవాణ్ణి. ఒకసారి, కాలివేళ్ళు గడ్డకట్టుకుపోతే గుప్పెడు మంచు తీసి గట్టిగా రుద్దుకున్నానని, వాటికి ప్రాణం తిరిగొచ్చిందని చెప్పాను. ఎందుకు చెప్పాను? చికెన్ కాలడం ఆలస్యమైంది, అంతే.

చందు నోరు తెరుచుకుని విన్నాడు. చదువుకోడానికి వచ్చి, ఉద్యోగం దొరికి ఇక్కడే సెటిల్ అయినవాడు. కొండలంటే పిచ్చి. 2012 జూలైలో, ఇక్కడి చలికాలంలో, దక్షిణ దీవి కొండల మీద మంచు తుఫానులో చిక్కుకున్నాడు. ప్రాణం దక్కింది. కుడికాలి వేళ్ళు రెండు తీసేశారు.

ఆసుపత్రికి వెళ్ళాను.

“నువ్వు చెప్పినట్టే మంచుతో రుద్దానన్నా. చర్మం ఊడొస్తున్నా ఆపలేదు.”

“డాక్టర్లేమన్నారు?”

“రుద్దబట్టే పోయాయంట! వీళ్ళకేం తెలుసన్నా, నీలాగా ఆ కొండెక్కారా ఏంటి? నువ్వు చెప్పకపోయుంటే పాదమే పోయేది.”

అప్పుడే చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా. బయటికొచ్చిన మాట ఇది: “అక్కడి చలి వేరురా.”

పరువు కోసమా? వాడి కళ్ళలోని ఆ నమ్మకం పోతుందనా? లేక, మంచం మీద కట్టు కట్టిన కాలు కళ్ళెదుటే ఉన్నా కథను చెడగొట్టుకోలేని నా పాడు అలవాటా? తెలియదు. మూడూ కావచ్చు.

ఆ తర్వాత నేను ఆ కథ చెప్పడం మానేశాను. ఇప్పుడు వాడే చెబుతున్నాడు. కాస్త కుంటుతూ వచ్చి, నాకు కుర్చీ వేసి, కొత్తవాళ్ళందరికీ చెబుతాడు. నాకన్నా బాగా చెబుతాడు. గుప్పెడు మంచు దగ్గరికొచ్చేసరికి నేను లేచి, ప్లేట్లు కడిగే నెపంతో లోపలికి వెళ్ళిపోతాను.

వాడికి ఇంకా చెప్పలేదు. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీరు ఇవ్వగలిగింది కాదు.

ఆ కొండ నేనెక్కలేదు. ఆ మంచు నేను ముట్టలేదు. చందు వేళ్ళు నా వల్లే పోయాయి.

మసాలా లేకుండా నేను చెప్పిన మాటలు ఇవే. రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది.