పెట్రోలు వడకట్టిన చీరముక్క

నిజాం రాజ్యంలోకి సైన్యం దిగిన పోలీసు యాక్షన్ రోజుల్లో మేము మెట్టుగూడలో ఉండేవాళ్లం. ఒక ఉదయం మా ఆడపడుచుకు నొప్పులు మొదలయ్యాయి. ఆస్పత్రికని మా ఆయన తన పాత లారీలో ఎక్కిస్తే, యాక్సిలరేటర్ మీంచి కాలు తీసిన ప్రతిసారీ ఇంజను ఆగిపోతోంది.

ముసల్మాన్ల ఇళ్లమీద పడుతున్నారన్న మాటలకు జడిసి నాలుగు రోజులుగా తలుపు తీయని పక్కింటి మెకానిక్ చాచా, ఆమె కేకలు విని బయటికి వచ్చారు. కార్బురేటర్ విప్పి, సన్నని రంధ్రంలోంచి నూలుపోగు లాగారు.

"పెట్రోల్ దేంతోని వడగట్టిన్రు?"

"వడగట్టే జాలీ కొనుడెందుకని పాత చీరముక్కతోని నేనే పోసిన చాచా."

"చీర నువ్వు కట్టుకో బిడ్డా, ఇంజన్‌కెందుకు!"

ఇంజను నిలకడగా తిరిగింది. వేళకు చేరాం, తల్లీబిడ్డా దక్కారు.

నా పిసినారితనానికి పడ్డ సిగ్గు కొన్నాళ్లకు పోయింది. కానీ ఆ నాలుగు రోజుల్లో చాచా ఇంటివాళ్లు తిన్నారో లేదో అడగడానికి ఆ తలుపు నేనొక్కసారీ తట్టలేదు. ఆ సిగ్గు మాత్రం పోలేదు.