మాస్టారు ఉంచుకున్న ఆలస్యం

మా కంప్యూటర్ మాస్టారు పోయారని సోమవారం పొద్దున కాలేజీ వాచ్‌మన్ చెప్పాడు. చీరాలలో ఒంటరిగా ఉండే ఇంట్లో, నిద్రలోనేనట. గుంటూరులో మా కాలేజీ కంప్యూటర్ గదిలో ఆయన దగ్గరే నేర్చుకుని, ఆ గదిలోనే ఆయన కింద పనిచేశాను.

మార్కుల ప్రోగ్రాంలో తప్పులుంటే పట్టుకోవడానికి నేను ఇంకో ప్రోగ్రాం రాశాను. ప్రింటరు సిద్ధమవ్వాలి కదా, ఫ్లాపీ తిరగాలి కదా అని అడుగడుక్కీ ఒక లూపు పెట్టాను. లూపంటే ఏమీ లేదు, మిషను ఊరికే అంకెలు లెక్కపెడుతూ ఆగడం. అది చేసే మొత్తం పరీక్షకి మూడు గంటలు పట్టేది. మధ్యలో కరెంటు పోతే మళ్ళీ మొదటికే. మాస్టారు చూసి నవ్వారు.

"నేను రోజూ రైల్లో వస్తానా? స్టేషన్లో గడియారం చూస్తూ కూర్చుంటే ఏం తెలుస్తుందమ్మా? సిగ్నల్ పడిందా లేదా చూడాలి. సిద్ధంగా ఉన్నానని ప్రింటరే చెబుతుంది. దాన్ని అడుగు. ఊరికే ఆగకు."

ఒక్కో లూపూ దగ్గరుండి తీయించారు. పని ముప్పావుగంటకు దిగింది. జేబులోంచి వేయించిన వేరుశనక్కాయలు తీసి నాకు సగం పెట్టారు. ఆయన మెచ్చుకోవడమంటే అంతే.

కొన్నాళ్ళకి చూస్తే నా ప్రోగ్రాం చివర్లో మాస్టారు పెట్టిన కొత్త లూపు. అన్నీ సరిపోయాక కూడా, పని అయిపోయిందన్న మాట తెర మీదికి రాకుండా మిషను గంటసేపు లెక్కపెడుతోంది. "ఇదెందుకండీ మాస్టారూ?" అంటే, "ఉండనీలేమ్మా" అన్నారు. అప్పటికి ఆయన భార్య పోయి నెల కాలేదు. అది నాకు తెలుసు. ఆ రెండూ కలిపి చూసే బుద్ధి మాత్రం లేకపోయింది. పెద్దాయన చాదస్తం అనుకుని, ఆయన సెలవు పెట్టిన రోజు తీసేశాను. మర్నాడు ఐదు కాకముందే పరీక్ష అయిపోయింది. గొప్పగా ఆయన మొహంలోకి చూశాను. "మంచిదమ్మా" అని గొడుగు తీసుకుని వెళ్ళిపోయారు.

సోమవారమే వాచ్‌మన్ ఇంకో మాట చెప్పాడు. "గది మూసేద్దామా అంటే, మిషను పని ఇంకా అవలేదయ్యా అనేవారండి. అది తొందరగా అవడం మొదలెట్టాక స్టేషన్లో బెంచీ మీద కూర్చునేవారు. ఇంటికెళ్తా చూసేవాణ్ణి. ఎక్కాల్సిన రైలు పోనిచ్చి తర్వాతది ఎక్కేవారండి."

ఆయన చెప్పిన పాఠం ఆయన మీదే ప్రయోగించాను. సిగ్గుగా ఉంది.

ఈ సాయంత్రం ఆ లూపు మళ్ళీ రాసి, పరీక్ష నడిపి, ఆయన కుర్చీలో కూర్చున్నాను. వాచ్‌మన్ తాళంచెవులతో వచ్చాడు.

"మూసేద్దామా మేడం?"

"ఇంకా అవలేదయ్యా."

అతను తాళంచెవులు జేబులో వేసుకుని గడప మీద కూర్చున్నాడు.