మా నాన్న రైస్ మిల్లులో పనిచేస్తారు

ఏడేళ్లుగా ఒక్క వాక్యం నా గుండె మీద కూర్చుని ఉంది. నేనే ఇంగ్లీషులో రాసిన వాక్యం. తెలుగులో పైన పెట్టింది అదే. అది అబద్ధం. మా నాన్నకు సూర్యాపేటలో ఎరువుల దుకాణం ఉంది, చెరువు కింద పొలం ఉంది. వడ్లు అమ్ముకోవడానికి తప్ప ఆయన ఏనాడూ మిల్లు గడప తొక్కలేదు.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. అందుకే నోరు పెగులుతోంది. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యమే ఉంటే ఇన్నేళ్లు పట్టేదా?

కోదాడలో ఇంజనీరింగ్ చదివేటప్పుడు స్వరూప నా క్లాస్‌మేట్. మిర్యాలగూడ అమ్మాయి. వాళ్ల నాన్న సైదులు అక్కడొక రైస్ మిల్లులో వడ్లు ఉడికించే ట్యాంకుల దగ్గర కూలీ. ఆమెకు లాప్‌టాప్ లేదు, ఇంగ్లీషులో రాయాలంటే బెరుకు. బుర్ర మాత్రం పాదరసం. నా దగ్గర లాప్‌టాప్, కాస్త ఇంగ్లీషు ఉన్నాయి. అలా జత కుదిరింది.

ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకు ఒక బిల్డ్ టూల్ పట్టుకున్నాం. ముక్కలు ముక్కలుగా రాసిన ప్రోగ్రామును వరసగా తయారుచేసి ఒకటిగా కలిపే సాధనం అది. ఓపెన్ సోర్స్, అంటే ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు, చేతనైనవాళ్లు బాగుచేయవచ్చు. దానితో మాకొకటే తిప్పలు. ల్యాబ్‌లో కరెంటు పోతే సగంలో ఆగిన ముక్కను కూడా అది పూర్తయిందనుకునేది. ఫైలు కనిపిస్తే చాలు, నమ్మేసేది. చివరికి ఏదీ నడిచేది కాదు, మళ్లీ మొదటినుంచి చేసుకోవాలి. పని మొదలుపెట్టగానే ఒక గుర్తు పెడదామన్నాను నేను. స్వరూప కాదంది. ఒకసారి మిల్లు చూద్దువుగాని రమ్మంది.

ఆ ఆదివారం వెళ్లాను. సైదులు తన తువ్వాలుతో స్టూలు తుడిచి కూర్చోబెట్టాడు. బిడ్డా అని పిలిచాడు. ఆయన పద్ధతి చూశాను. ట్యాంకులో వడ్లు పూర్తిగా ఉడికాకే దాని మీద సుద్దముక్కతో గీత గీస్తాడు. మధ్యలో కరెంటు పోనీ, షిఫ్టు మారనీ, తర్వాత వచ్చినవాడు గీత ఉంటేనే వడ్లు దింపుతాడు. లేకపోతే ఉడికినట్టు కనిపించినా నమ్మడు, మళ్లీ ఆవిరి పెడతాడు.

అదే మా ఫీచర్. ముక్క పూర్తయ్యాకే గుర్తు. గుర్తు లేకపోతే ఫైలు ఉన్నా లేనట్టే, మళ్లీ చేయాలి. చాలా చిన్నది. కానీ తిరిగి వచ్చేటప్పుడు బస్సులో స్వరూప ఎంత సంబరపడిందో! ఇది టూల్‌లో చేరితే నాన్న పేరు కూడా రాయించాలని, ఆయనకు చూపించి చదివి వినిపిస్తానని అంది. సరేనన్నాను.

డిజైనంతా ఆమె నోట్‌బుక్‌లో గీసింది. నేను ఇంగ్లీషులో పెట్టి నా అకౌంట్ నుంచి పంపాను. మొదట ‘మేము’ అనే రాశాను. నమ్మండి, మొదట అలాగే రాశాను. కొన్నాళ్లకు ఆ టూల్ చూసుకునేవాళ్లలో ఒకాయన, ఆలోచన ముచ్చటగా ఉంది, ఎలా వచ్చింది అని అడిగాడు. స్నేహితురాలి నాన్న మిల్లులో చూశానని రాస్తే ఆ స్నేహితురాలెవరు, ఇందులో ఆమె వాటా ఎంత అని అడుగుతారేమోనని, అడిగితే నాకు మిగిలేది టైపింగే కదా అని, ఇంతలోనే ఎన్ని లెక్కలు వేసుకున్నానో. ‘మా నాన్న రైస్ మిల్లులో పనిచేస్తారు’ అని కొట్టి పంపేశాను. ఎవరూ బలవంతపెట్టలేదు. ఆ పూట హాయిగా కూడా అనిపించింది.

వాళ్లకు ఆ కథ తెగ నచ్చింది. ఫీచర్ పేజీలోనే ఎక్కించారు, నా పేరుతో.

స్వరూప దాన్ని ఫోన్లో చూసింది. కోదాడ బస్టాండులో నన్ను నిలదీసింది.

"ఇది నువ్వే రాసినవా?"

"ఊకె గట్ల రాసిన. తర్వాత మారుస్త."

"ఐడియా నీదని రాస్కుంటే రాస్కో. నేను ఇంకోటి ఆలోచిస్త. మా నాయినను నీ నాయిన అని ఎట్ల రాసినవ్? నాకు ఇంకో నాయిన యాడికెల్లి వస్తడు?"

"జర అర్థం చేస్కో స్వరూపా. ఇప్పుడు మారిస్తే పరేషాన్ అయితది."

"ఎవలకు?"

మిర్యాలగూడ బస్సు వచ్చింది. ఎక్కి వెళ్లిపోయింది.

మార్చలేదు. ఆ పేజీ చూసే హైదరాబాదులో ఒక కంపెనీ ఇంటర్వ్యూకి పిలిచింది. అక్కడ తువ్వాలు, స్టూలు, సుద్దగీత అన్నీ చెప్పాను. చెబుతూ కళ్లు తుడుచుకున్నాను. నటించానా? లేదు, నాకు భయం వేసేది అందుకే. ఆ కాసేపూ సైదులు నిజంగా మా నాన్నే అనిపించాడు. ఉద్యోగం వచ్చింది. మా నాన్న ఆఫీసు చూస్తానని ఎన్నిసార్లు అడిగినా తీసుకెళ్లలేదు, ఎవరైనా మిల్లు సంగతి ఎత్తుతారని. తన పంచెకట్టు చూసి కొడుకు నామోషీ పడుతున్నాడని ఆయన అనుకుంటున్నాడు. అనుకోనిచ్చాను. ఇద్దరు తండ్రులకు అన్యాయం చేశాను.

పోయినేడాది సైదులు చనిపోయాడు. ఊపిరితిత్తుల జబ్బట. కబురు తెలిసినప్పుడు సెలవు మీద సూర్యాపేటలోనే ఉన్నాను. బస్సెక్కితే చాలు. ఏ ముఖం పెట్టుకుని వెళ్లను? వెళ్లలేదు. ఆ రోజు నాకు ఏడుపొచ్చింది. ఏడవడానికి నేనెవరిని?

పోయిన నెల ఆ పేజీని సరిదిద్దమని టూల్ వాళ్లకు రాశాను. ఆయన నా తండ్రి కాదు, స్వరూప తండ్రి, ఆలోచన వాళ్లిద్దరిది, నేను అబద్ధం చెప్పాను అని. ఆఫీసులో ఎవరైనా చూస్తే చూడనీ అనుకున్నాను. అవతలివాళ్లు ఒకటే అడిగారు, పేర్లు వేయడానికి ఆమె ఒప్పుకుందా అని. చూశారా, ఈసారి కూడా ఆమెను అడగకుండానే రాసేశాను.

ఫోన్ చేశాను. ఇప్పుడు చిలుకూరులో పిల్లలకు లెక్కలు చెబుతోందట. విషయం చెప్పాను. క్షమించమనబోయాను. అననివ్వలేదు.

"మా నాయిన పేరు వెయ్యమను. నా పేరు వద్దు. నీ పేరు పక్కన నా పేరు ఉండొద్దు."

పెట్టేసింది.

అయితే నా పేరే తీసేయమని టూల్ వాళ్లను అడిగాను. పేజీలో తీసేశారు. కానీ పని పంపినవాడి పేరు టూల్ మార్పుల చరిత్రలో ఉండిపోతుందట, చెరపడం కుదరదన్నారు. పేజీలో ఇప్పుడు సైదులు పేరుంది, చరిత్రలో నా పేరుంది, ఆమె పేరు ఎక్కడా లేదు.

ఇది రాశాక కాస్త ఊపిరి ఆడుతోంది. అంతకు మించి ఏమీ మారలేదు, మారుతుందనీ అనుకోను. ఇక్కడ నా పేరు లేదు. అందుకే ఆమె పేరు రాయగలిగాను.